ఉద్యోగి ప్రయోజనాల ప్రణాళిక

ఉద్యోగి ప్రయోజనాల ప్రణాళిక అనగా ఒక వ్యాపార సంస్థ తన ఉద్యోగులకు జీతముతో పాటు కల్పించవలసిన, లేదా కల్పించదలచిన, సదుపాయాలను ముందుగా నిర్ణయించి, వాటికి కావలసిన సొమ్మును సకాలంలో సమకూర్చుకొనే పద్ధతి. భవిష్య నిధి (పీఎఫ్), పింఛను, గ్రాట్యుటీ, వైద్య సదుపాయం, ప్రసూతి సెలవు, ప్రమాద పరిహారం, బోనస్ మొదలైనవి ఈ ప్రయోజనాలలో ముఖ్యమైనవి. భారతదేశంలో వీటిలో చాలా భాగం చట్టప్రకారం తప్పనిసరి. బృంద ఆరోగ్య బీమా, రాకపోకల సదుపాయం, క్యాంటీను వంటివి కొంతవరకు యజమాని ఇష్టంపై ఆధారపడి ఉంటాయి.

జీతానికి, ప్రయోజనానికి ఒక మౌలికమైన తేడా కలదు. ఈ నెల చేసిన పనికి జీతం ఈ నెలాఖరుకే చెల్లిపోతుంది. ప్రయోజనం అటువంటిది కాదు. ఈ రోజు చేసిన పనికి గ్రాట్యుటీ ఇరవై ఏళ్ళ తరువాత చెల్లించవలసి రావచ్చు. పింఛను ముప్పై ఏళ్ళ తరువాత మొదలు కావచ్చు. బీమా సొమ్ము రేపే అవసరం కావచ్చు. బాకీ ఈ రోజే ఏర్పడుతుంది గాని, అది యజమాని ఖాతా పుస్తకంలో కనబడకుండా పెరుగుతూ ఉంటుంది. ఆ రోజు వచ్చినపుడు సొమ్ము సిద్ధంగా ఉన్నదా లేదా అన్నదే ఈ ప్రణాళికలో అసలు ప్రశ్న.

చరిత్ర

కార్మికుల ఆరోగ్య బీమాను చట్టబద్ధం చేసిన తొలి దేశంగా జర్మనీని పేర్కొంటారు. బిస్మార్క్ ఛాన్సలర్‌గా ఉన్న కాలంలో అక్కడ 1883లో వైద్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య బీమా చట్టాలు వచ్చాయి. అమెరికాలో ఇందుకు భిన్నంగా కంపెనీలే పింఛను పథకాలు నడిపాయి. ఆ పద్ధతిలోని లోపం 1963లో బయటపడినది. ఆ సంవత్సరం స్టూడిబేకర్ కార్ల కంపెనీ సౌత్ బెండ్‌లోని తన కర్మాగారాన్ని మూసివేసినపుడు పింఛను నిధిలో అందరికీ సరిపడినంత సొమ్ము లేదు. అరవై ఏళ్ళు నిండినవారికి పూర్తి పింఛను దక్కగా, నలభై నుండి అరవై ఏళ్ళ మధ్యనున్న సుమారు 4,000 మందికి రావలసినదానిలో 15 శాతం మాత్రమే అందినది. అంతకన్నా చిన్నవారికి ఏమీ దక్కలేదు. పింఛను ఇస్తామన్న మాట వేరు, దానికి నిధి కూడబెట్టడం వేరు అని ఈ ఉదంతం చూపినది. 1974లో అమెరికా ఉద్యోగుల విరమణ ఆదాయ భద్రతా చట్టం రావడానికి దోహదపడిన కారణాలలో ఇది ఒకటి.

భారతదేశంలో చట్టాలకు ముందే కొన్ని సంస్థలు ఈ దిశగా నడిచాయి. జంషెడ్‌పూర్‌లోని టాటా ఉక్కు కర్మాగారంలో 1912లో ఎనిమిది గంటల పనిదినం, 1915లో ఉచిత వైద్యం, 1920లో భవిష్య నిధి, 1928లో ప్రసూతి ప్రయోజనం, 1937లో గ్రాట్యుటీ ప్రవేశపెట్టబడినవి. బోనస్ చరిత్ర మరొక రకమైనది. 1917లో అహ్మదాబాదులో ప్లేగు వ్యాపించినపుడు కార్మికులు ఊరు విడిచి పోకుండా మిల్లు యజమానులు 'ప్లేగు బోనస్' ఇచ్చారు. వ్యాధి తగ్గగానే దానిని ఎత్తివేయబోగా 1918లో గాంధీజీ నాయకత్వంలో సమ్మె జరిగినది. అవసరం కోసం ఇచ్చిన ప్రయోజనాన్ని తరువాత వెనక్కు తీసుకోవడం ఎంత కష్టమో తెలుపడానికి ఇది ఇప్పటికీ మంచి ఉదాహరణ.

బి.పి.అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఆధారంగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం రూపొందినది. ఈ పథకాన్ని 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించాడు. బొగ్గు గని కార్మికులకు 1948లోనే ప్రత్యేక భవిష్య నిధి చట్టం వచ్చినది. ఇతర పరిశ్రమలకు 1951 నవంబరు 15న ఆర్డినెన్సు రాగా, 1952లో అది ఉద్యోగుల భవిష్య నిధి చట్టంగా మారినది. మొదట ఇది సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, వస్త్రాలు అనే ఆరు పరిశ్రమలకే వర్తించేది. అప్పటి చందా రేటు 6.25 శాతం. 1965లో బోనస్ చట్టం, 1972లో గ్రాట్యుటీ చట్టం వచ్చాయి. వీటిలో చాలావరకు 2019, 2020లలో పార్లమెంటు ఆమోదించిన నాలుగు కార్మిక స్మృతులలో కలపబడినవి. ఆ స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చాయి.

ఉద్యోగుల సంఖ్య

చిన్న సంస్థ ప్రణాళిక వేయునపుడు మొట్టమొదట చూడవలసినది తన వద్ద పనిచేయువారి సంఖ్య. సాధారణంగా 10 మంది ఉన్నచోట ఈఎస్ఐ, గ్రాట్యుటీ వర్తిస్తాయి. 20 మంది ఉన్నచోట భవిష్య నిధి, బోనస్ వచ్చి చేరుతాయి. 50 మంది ఉంటే శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయవలెను. ప్రసూతి సెలవు, ప్రమాద పరిహారాలకు వేరే నియమాలు కలవు.

ఈ కారణంగా కొందరు యజమానులు హాజరు పట్టీలో 9 మందినో 19 మందినో చూపి ఊరుకొంటారు. ఇది చట్టవిరుద్ధమే కాక తెలివైన పని కూడా కాదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారిని కూడా లెక్కలో చేర్చవలెను. కాంట్రాక్టరు వారి చందా కట్టకపోతే ప్రధాన యజమానే బాధ్యుడవుతాడు. ఒకసారి చట్టం వర్తించిన తరువాత ఉద్యోగుల సంఖ్య తగ్గినా బాధ్యత సాధారణంగా పోదు. తనిఖీలో బయటపడినపుడు గడచిన సంవత్సరాల చందా, దానిపై వడ్డీ, నష్టపరిహారం ఒక్కసారిగా చెల్లించవలసి వచ్చును. ఉద్యోగి వాటాను కూడా అప్పుడు యజమానే భరించవలసి ఉంటుంది, ఎందుకనగా పాత నెలల కోత ఇప్పటి జీతం నుండి వసూలు చేయడానికి నియమాలు ఒప్పుకోవు.

భవిష్య నిధి, పింఛను, బీమా

భవిష్య నిధికి ఉద్యోగి తన వేతనంలో 12 శాతం, యజమాని మరొక 12 శాతం జమచేయుట సాధారణ పద్ధతి. బీడీ, ఇటుక, జనుము, కొబ్బరి పీచు వంటి కొన్ని పరిశ్రమలలో ఈ రేటు 10 శాతం. తప్పనిసరి సభ్యత్వానికి వేతన పరిమితి 2014 సెప్టెంబరు 1న 6,500 రూపాయల నుండి 15,000 రూపాయలకు పెంచబడినది.

యజమాని చెల్లించు 12 శాతం మొత్తం భవిష్య నిధిలోకే పోవునని చాలామంది అనుకొంటారు. నిజానికి అందులో 8.33 శాతం 1995 నవంబరు 16న మొదలైన పింఛను పథకానికి పోతుంది, మిగిలిన 3.67 శాతం మాత్రమే ఉద్యోగి ఖాతాలో చేరుతుంది. పాసుపుస్తకంలో యజమాని వాటా తక్కువగా కనబడుటకు కారణం ఇదే.

పింఛను లెక్క సులభం. పింఛను లెక్కకు తీసుకొను వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించవలెను. 14,000 రూపాయల వేతనంపై 15 ఏళ్ళు పనిచేసినవారికి నెలకు 3,000 రూపాయలు వచ్చును. పదేళ్ళ సర్వీసు లేనిదే నెలసరి పింఛను రాదు. తరచుగా ఉద్యోగాలు మారువారు ప్రతిసారీ పింఛను సొమ్మును వెనుకకు తీసుకొంటే ఈ పదేళ్ళు ఎన్నటికీ పూర్తి కావు. 2014లో ప్రవేశపెట్టిన యూఏఎన్ అనే శాశ్వత సంఖ్య వలన పాత ఖాతాను కొత్త సంస్థకు మార్చుకొనుట సులభమైనది. కొత్తగా చేరినవారికి రెండవ సంఖ్య తెరవక పాతదానినే కొనసాగించుట సంస్థ చేయగల మేలైన పని, దీనికి ఖర్చేమీ లేదు.

భవిష్య నిధి సభ్యులందరికీ ఒక జీవిత బీమా కూడా ఉన్నది. డిపాజిట్ అనుసంధానిత బీమా (ఈడీఎల్ఐ) అను ఈ పథకం 1976లో మొదలైనది. దీనికి ఉద్యోగి చెల్లించవలసినది ఏమీ లేదు. యజమాని 0.5 శాతం చెల్లిస్తాడు. ఉద్యోగంలో ఉండగా మరణించినవారి కుటుంబానికి చివరి 12 నెలల సగటు వేతనానికి 35 రెట్లు, దానితో పాటు ఖాతా నిల్వలో సగం (1,75,000 రూపాయలకు మించకుండా) చెల్లిస్తారు. వేతనం లెక్కకు 15,000 పరిమితి ఉన్నందున గరిష్ఠ మొత్తం 7 లక్షల రూపాయలు. 14,000 వేతనం, 1,20,000 నిల్వ ఉన్న కార్మికుని కుటుంబానికి 4,90,000, మరొక 60,000 కలిపి 5,50,000 రూపాయలు రావలెను. ఇటువంటి పథకం ఉన్నదన్న సంగతి తెలియక దరఖాస్తు చేయని కుటుంబాలు ఉంటాయి కాబట్టి, ఈ విషయాన్ని నియామక పత్రంతో పాటే తెలియజేయుట మంచిది.

ప్రతి నెల చందాను తరువాతి నెల 15వ తేదీలోగా జమచేయవలెను. ఉద్యోగి జీతం నుండి కోసిన సొమ్మును జమచేయకుండా వాడుకొనుట నేరపూరిత విశ్వాసఘాతుకంగా పరిగణించబడుతుంది. వ్యాపారంలో నగదుకు ఇబ్బంది వచ్చినపుడు అందరికన్నా నోరులేని అప్పుదారు భవిష్య నిధి కార్యాలయమే అనిపించి, మొదట ఆ చెల్లింపును వాయిదా వేయువారు ఉన్నారు. ఉద్యోగి వాటాను గడువు దాటాక జమచేస్తే ఆదాయపు పన్ను లెక్కలో దానిని ఖర్చుగా చూపుటకు వీలులేదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో తీర్పునిచ్చినది. కాబట్టి అది ఖరీదైన వాయిదా.

వైద్య సదుపాయం

నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి (వికలాంగులకు 25,000) ఈఎస్ఐ వర్తిస్తుంది. ఈ పరిమితి 2017 జనవరి 1 నుండి ఉన్నది. 2019 జూలై 1 నుండి యజమాని చందా 3.25 శాతానికి, ఉద్యోగి చందా 0.75 శాతానికి తగ్గించబడినవి. అంతకు ముందు ఇవి 4.75, 1.75 శాతాలుగా ఉండేవి.

ఈఎస్ఐని కేవలం ఆసుపత్రి కార్డుగా చూచుట వాడుక. కాని దానిలో వైద్యంతో పాటు నగదు ప్రయోజనాలు కూడా కలవు. జబ్బుపడి సెలవు పెట్టినవారికి సంవత్సరానికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం, క్షయ, క్యాన్సరు వంటి దీర్ఘ వ్యాధులకు రెండేళ్ళ వరకు 80 శాతం చెల్లిస్తారు. పనిలో ప్రమాదం వలన అంగవైకల్యం కలిగినా, మరణించినా వేతనంలో 90 శాతం ప్రాతిపదికగా నెలసరి చెల్లింపు ఉంటుంది. కుటుంబ సభ్యుల వైద్యానికి ఖర్చు పరిమితి లేదు. ఇంత విస్తృతమైన రక్షణను ఈ ధరకు ప్రైవేటు బీమాలో కొనుట సాధ్యం కాదు. ఔషధశాలలలో రద్దీ, మందుల కొరత, రెఫరల్ కొరకు తిరుగవలసి రావడం గురించి కార్మికులు చేయు ఫిర్యాదులు కూడా అంతే నిజమైనవి.

ప్రణాళికలో తరచుగా జరుగు పొరపాటు ఒకటి ఇక్కడ ఉన్నది. 20,500 రూపాయల వేతనం ఉన్న కార్మికునికి వెయ్యి రూపాయలు పెంచితే అతడు 21,000 దాటి ఈఎస్ఐ నుండి బయటపడతాడు. వెయ్యి రూపాయల కొరకు తల్లిదండ్రులతో సహా కుటుంబమంతా వైద్య రక్షణ కోల్పోవుట జరుగుతుంది. ఈఎస్ఐలో చందా కాలాలు ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అని రెండు. కాలం మధ్యలో వేతనం పెరిగితే ఆ కాలం ముగియువరకు సభ్యత్వం కొనసాగుతుంది. కాని ఏప్రిల్ 1నే పెరిగితే ఆ రోజు నుండే పోతుంది. అందువలన పరిమితికి దగ్గరలో ఉన్నవారి జాబితాను జీతాల పెంపుకు ముందే తయారుచేసి, వారు బయటకు వచ్చు తేదీకే బృంద ఆరోగ్య బీమాలో చేర్చవలెను. ఈ రెంటి మధ్య ఒక్క నెల ఖాళీ వచ్చినా, ఆ నెలలోనే గుండెనొప్పి రాదన్న హామీ లేదు.

బృంద బీమాలో ఉద్యోగులకు ముందునుండి ఉన్న జబ్బులకు కూడా సాధారణంగా మొదటి రోజు నుండే రక్షణ లభిస్తుంది. విడిగా తీసుకొను పాలసీలో అటువంటి జబ్బులకు కొంతకాలం వేచి ఉండవలసి వచ్చును. అయితే బృంద పాలసీ ధర ప్రతి సంవత్సరం గత సంవత్సరపు క్లెయిములను బట్టి మారుతుంది. ముప్పై మంది ఉన్న సంస్థలో ఒకరిద్దరి శస్త్రచికిత్సలు చాలు, మరుసటి ఏడు ప్రీమియం బాగా పెరుగుటకు. తల్లిదండ్రులను చేర్చుట ఉద్యోగులు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకొనే ప్రయోజనం. అన్నిటికన్నా ఖరీదైనదీ అదే. కొన్ని సంస్థలు తల్లిదండ్రుల ప్రీమియంలో కొంత భాగాన్ని ఉద్యోగి నుండి తీసుకొంటాయి. పూర్తిగా ఇచ్చి రెండేళ్ళ తరువాత ఎత్తివేయుట కన్నా, మొదటినుండి ఇటువంటి భాగస్వామ్యం పెట్టుకొనుట మేలు.

గ్రాట్యుటీ

గ్రాట్యుటీ అనగా దీర్ఘకాలం పనిచేసిన ఉద్యోగి సంస్థను విడిచిపోవునపుడు ఒకే మొత్తంగా చెల్లించు సొమ్ము. దీనిపై మొదట కేరళ 1970లో, పశ్చిమ బెంగాల్ 1971లో చట్టాలు చేయగా, 1972లో కేంద్ర చట్టం వచ్చినది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దానిని సర్వీసు సంవత్సరాలతో గుణిస్తే గ్రాట్యుటీ వస్తుంది. ఆరు నెలలు మించిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు. 2018 మార్చి 29 నుండి గరిష్ఠ పరిమితి 20 లక్షల రూపాయలు. అయిదేళ్ళ నిరంతర సర్వీసు ఉండవలెను. మరణం, అంగవైకల్యం సంభవించినపుడు ఈ నిబంధన లేదు. నిర్ణీత కాలానికి నియమించబడిన ఉద్యోగులకు 2025 నవంబరు నుండి ఒక సంవత్సరం సర్వీసే సరిపోతుంది.

ఈ ప్రయోజనంలోని చిక్కు 'చివరి వేతనం' అను మాటలో ఉన్నది. భవిష్య నిధికి ఈ నెల చందా కట్టితే ఈ నెల బాధ్యత తీరిపోతుంది. గ్రాట్యుటీ అలా కాదు. ఉదాహరణకు ఒక కార్మికుడు 14,000 రూపాయల వేతనంతో చేరి, ఏటా 1,200 చొప్పున పెరిగి, పదవ సంవత్సరం 24,800 పొందుతున్నాడనుకొందాము. ప్రతి సంవత్సరం ఆ ఏటి వేతనంపై 15 రోజుల సొమ్ము పక్కన పెట్టుతూ వచ్చిన యజమాని వద్ద పదేళ్ళకు సుమారు 1,11,900 రూపాయలు ఉంటాయి. చెల్లించవలసినది సుమారు 1,43,100. పక్కనపెట్టిన సొమ్ముపై వడ్డీ వస్తే ఈ 31,000 రూపాయల లోటులో కొంతగాని, అంతా గాని పూడవచ్చు. అసలు పక్కన పెట్టనివారికి మొత్తమంతా లోటే. ఒక్కరి విషయంలో ఇది పెద్ద సొమ్ము కాదు. కాని ఒకేసారి సంస్థ మొదలుపెట్టినపుడు చేరినవారు ఒకే రెండు మూడేళ్ళలో పదవీ విరమణ చేస్తారు. ముప్పై ఏళ్ళు బాగా నడచిన చిన్న కర్మాగారాలు తమ తొలి తరం కార్మికులు వెళ్ళిపోవు సంవత్సరాలలో ఇబ్బందిలో పడుటకు ఇది ఒక కారణం. చెల్లింపు గడువు 30 రోజులే. ఆలస్యమైతే వడ్డీ చెల్లించవలెను.

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది యాక్చువరీ చేత ఏటా బాకీని అంచనా వేయించుకొనుట. వేతనాల పెంపు, ఉద్యోగులు మానుకొను రేటు, వయసు, వడ్డీ రేటు మొదలైనవాటిని లెక్కలోకి తీసుకొని, ఇప్పటివరకు ఏర్పడిన బాధ్యత ఈనాటి విలువలో ఎంతో వారు చెబుతారు. అకౌంటింగ్ ప్రమాణం 15, పెద్ద కంపెనీలకు వర్తించు ఇండ్ ఏఎస్ 19 ఇటువంటి అంచనాను కోరుతాయి. అయితే పుస్తకాలలో కేటాయింపు చూపుట, సొమ్మును విడిగా ఉంచుట ఒకటి కావు. స్టూడిబేకర్ కార్మికులకు లేకపోయినది రెండవదే. రెండవ మార్గం ట్రస్టును ఏర్పరచి, భారతీయ జీవిత బీమా సంస్థ వంటి బీమా కంపెనీ నడుపు బృంద గ్రాట్యుటీ పథకంలో ఏటా సొమ్ము జమచేయుట. వ్యాపారం మూతపడినా, అప్పులవాళ్ళు వచ్చినా ఆ సొమ్ము ఉద్యోగులదిగానే ఉంటుంది.

గ్రాట్యుటీకి తప్పనిసరి బీమా ఉండవలెనన్న నిబంధన 1987లోనే చట్టంలో చేర్చబడినది. దానిని అమలుచేయు బాధ్యత రాష్ట్రాలకు వదలివేయగా చాలా రాష్ట్రాలు పట్టించుకోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో ఇందుకు నియమాలు చేసినది. కర్ణాటక 2024లో చేసినది.

వేతన నిర్వచనం

పైన చెప్పిన ప్రయోజనాలన్నీ వేతనంలో శాతంగా లెక్కించబడతాయి. కాబట్టి మూలవేతనాన్ని తక్కువగా ఉంచి, మిగిలినదానిని రకరకాల అలవెన్సుల పేరుతో ఇచ్చుట చాలాకాలంగా వాడుకలో ఉన్నది. అందరికీ ఒకేరీతిగా ఇచ్చు ప్రత్యేక అలవెన్సులు భవిష్య నిధి లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ కేసులో తీర్పు చెప్పినది. కొత్త స్మృతులు మరొక అడుగు ముందుకు వేశాయి. మినహాయింపు పొందు అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగానికి మించితే, మించిన భాగం వేతనంలో కలుస్తుంది. నెలకు 50,000 రూపాయలలో మూలవేతనం 20,000, అటువంటి అలవెన్సులు 30,000 ఉన్న ఉద్యోగికి ఇకపై వేతనం 25,000గా లెక్కించబడుతుంది. సంవత్సరానికి గ్రాట్యుటీ 11,538 రూపాయల నుండి 14,423 రూపాయలకు పెరుగుతుంది. చివరి వేతనమే ప్రాతిపదిక కాబట్టి ఈ పెంపు గడచిన సర్వీసుకు కూడా వర్తించును. 2025 డిసెంబరుతో ముగిసిన త్రైమాసికంలో దేశంలోని పెద్ద ఐటీ కంపెనీలు ఇందుకొరకు ప్రత్యేక కేటాయింపులు చూపాయి.

ఉద్యోగ ప్రకటనలలో కనబడు 'సీటీసీ' అను మాటకు సంస్థకు అయ్యే మొత్తం ఖర్చు అని అర్థం. అందులో యజమాని భవిష్య నిధి వాటా, వేతనంలో 4.81 శాతం గ్రాట్యుటీ, బీమా ప్రీమియం కూడా కలిసి ఉండవచ్చు. కాబట్టి చేతికి వచ్చు జీతం అంతకన్నా తక్కువ. శాశ్వత ఉద్యోగి అయిదేళ్ళ లోపు మానుకొంటే, తన జీతంలో భాగమని చెప్పబడిన ఆ గ్రాట్యుటీ అతనికి అందదు. కొత్తగా ఉద్యోగంలో చేరు విద్యార్థులు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకొనుట అవసరం.

ఖర్చు అంచనా

24 మంది పనిచేయు ఒక ప్యాకింగ్ కర్మాగారాన్ని ఊహించుకొందాము. ప్రతివారి వేతనం 14,000 రూపాయలు. అక్కడి కనీస వేతనం 12,000 అనుకొందాము. యజమాని నెలకు ఒక్కొక్కరిపై భవిష్య నిధికి, పింఛనుకు కలిపి 1,680, డిపాజిట్ అనుసంధానిత బీమాకు, నిర్వహణ రుసుముకు 140, ఈఎస్ఐకి 455 చెల్లించవలెను. గ్రాట్యుటీకి 673, కనీస బోనస్‌కు 1,000 చొప్పున పక్కన పెట్టవలెను. మొత్తం 3,948 రూపాయలు, అనగా వేతనంలో సుమారు 28 శాతం. అందరికీ కలిపి నెలకు 94,752. సెలవుల జీతం ఇందులో చేరలేదు. కార్మికుని వైపు చూస్తే భవిష్య నిధికి 1,680, ఈఎస్ఐకి 105 పోగా చేతికి 12,215 వస్తుంది.

బోనస్ ఇక్కడ కనీస రేటు 8.33 శాతం చొప్పున కట్టబడినది. గరిష్ఠం 20 శాతం. 2015 సవరణ ప్రకారం 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారు అర్హులు; 7,000 రూపాయలు లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే దానిపై లెక్కిస్తారు. లాభం లేకపోయినా కనీస బోనస్ ఇవ్వవలెను. సరుకు ధర నిర్ణయించునపుడు ఈ 28 శాతాన్ని మరచి, 14,000 మాత్రమే కూలి ఖర్చుగా వేసుకొన్న యజమాని చివరికి దానిని ఎక్కడో ఒకచోట తగ్గించ చూస్తాడు. సాధారణంగా మొదట తగ్గేది గ్రాట్యుటీ కేటాయింపే, ఎందుకనగా దానిని అడుగు రోజు ఇంకా దూరంగా ఉంటుంది.

ప్రసూతి ప్రయోజనం

2017 ఏప్రిల్ 1 నుండి మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవు 26 వారాలు. ఇద్దరు పిల్లలు ఉన్నవారికి 12 వారాలు. కాన్పుకు ముందు 12 నెలలలో 80 రోజులు పనిచేసి ఉండవలెను. ఈఎస్ఐలో ఉన్న మహిళలకు ఈ సొమ్మును ఈఎస్ఐ సంస్థ చెల్లిస్తుంది. ఆ పరిమితి దాటినవారి విషయంలో మొత్తం భారం యజమానిదే. ఈ భారం వలన చిన్న సంస్థలు స్త్రీలను ఉద్యోగంలోకి తీసుకొనుటకు వెనుకాడుతున్నాయన్న విమర్శ ఉన్నది. సెలవు కాలంలో తాత్కాలికంగా మరొకరిని నియమించుకొను ఖర్చును కూడా బడ్జెట్టులో చూపిన సంస్థలలో ఇటువంటి సంకోచానికి తావు తక్కువ.

నామినీ, పత్రాలు

సొమ్ము సిద్ధంగా ఉన్నా పత్రాలు సరిగా లేనందున కుటుంబాలకు అందకపోవుట తరచుగా జరుగుతుంది. అవివాహితుడు ఉద్యోగంలో చేరినపుడు తండ్రినో తల్లినో నామినీగా వ్రాస్తాడు. భవిష్య నిధి నియమాల ప్రకారం వివాహం జరుగగానే ఆ నామినేషను చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వవలెను. ఆధార్‌లో ఒక పేరు, భవిష్య నిధి ఖాతాలో మరొక పేరు ఉండుట ఇంకొక సమస్య. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనుక, కొందరికి పొడి అక్షరంగా నమోదగుట వలన ఈ తేడాలు మరింత ఎక్కువ. బ్రతికి ఉన్న ఉద్యోగి వీటిని సులభంగా సరిచేసుకోగలడు. అతడు మరణించిన తరువాత భార్య ధ్రువపత్రాలతో కార్యాలయాల చుట్టూ తిరుగవలసి వచ్చును. సంవత్సరానికి ఒకసారి జీతం చీటీతో పాటు నామినీ వివరాలను ఉద్యోగికి చూపి సంతకం తీసుకొను పద్ధతి కొన్ని సంస్థలలో ఉన్నది.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదులోని సనత్‌నగర్‌లో ఈఎస్ఐ సంస్థకు వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. నాచారం, వరంగల్, సిర్పూర్ కాగజ్‌నగర్, విశాఖపట్నం, విజయవాడ, రాజమండ్రి, తిరుపతిలలో కూడా ఈఎస్ఐ ఆసుపత్రులు కలవు. సింగరేణి గని కార్మికులు సాధారణ భవిష్య నిధి కిందకు రారు. వారికి బొగ్గు గనుల భవిష్య నిధి సంస్థ వేరుగా ఉన్నది. అక్కడ చట్టబద్ధమైన ప్రయోజనాలతో పాటు కంపెనీ లాభాలలో కొంత భాగాన్ని ఏటా కార్మికులకు పంచు ఆనవాయితీ ఉన్నది.

ఉత్తర తెలంగాణ జిల్లాలలో ఇంటివద్ద బీడీలు చుట్టు స్త్రీలకు భవిష్య నిధి సభ్యత్వం మరొక విధంగా ఉపయోగపడినది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పథకం కింద బీడీ కార్మికులకు పింఛను ఇచ్చునపుడు భవిష్య నిధి సభ్యత్వాన్నే అర్హతకు ప్రాతిపదికగా తీసుకొన్నది. యజమాని పేరు నమోదు చేసిన స్త్రీకి పింఛను వచ్చినది. పక్క ఇంటిలో అదే పని చేస్తూ, ఇతరుల కార్డుపై ఆకు, తంబాకు తెచ్చుకొన్న స్త్రీకి రాలేదు.